పాత కారును దారికి తెచ్చుట

ఇంటి వెనుక పాకలో గోనె పట్టాల క్రింద నిలిచియున్న అంబాసిడరు కారు తెలుగునాట ఇప్పటికిని అక్కడక్కడ కనబడుచునే యున్నది. తాతగారు కొన్నదనియో, తండ్రిగారు కోర్టుకు పోయిన కారనియో దానిని అమ్మక యుంచుకొన్న కుటుంబములు కలవు. అట్టివారిలో కొందరు దానిని పెండ్లి ఊరేగింపులకు, ప్రదర్శనలకు మాత్రమే బయటికి తీయుదురు. మరికొందరికి వేరొక కోరిక కలదు. ఆ కారునే ప్రతిదినము కచేరీకి, అంగడికి, పిల్లల బడికి నడుపుకొనవలెనని వారి ముచ్చట. ఈ రెండవ కోరిక నిరపాయముగా తీరు మార్గమేది యన్నదే ఇచట మా విషయము.

ప్రదర్శనకు సిద్ధము చేయుట వేరు, నిత్య ప్రయాణమునకు సిద్ధము చేయుట వేరు. మొదటిదానికి రంగు, నిగనిగ, సీట్ల తొడుగులు ముఖ్యము. రెండవదానికి కారు ఆగుట ముఖ్యము. కదలుట ఆ తరువాతి మాట. సాధారణముగా కారు మెకానిక్ షెడ్డుకు చేరగనే అందరి దృష్టియు ఇంజను మీదికే పోవును. అది ఎన్నో ఏండ్లకు స్టార్టయిన దినమున ఇంటిల్లిపాదికిని పండుగ. ఆ ఉత్సాహములో ఇంటి చుట్టును ఒక తిరుగుడు తిరిగి వచ్చుటయు కద్దు. కాని స్టార్టు కాని కారు ఎవరిని గాయపరచదు. ఇంజను చక్కగా పలుకుచు బ్రేకు పట్టని కారే ప్రాణముల మీదికి తెచ్చునది. కావున పని వరుసను మార్చుకొనవలెను: ముందు బ్రేకులు, పిమ్మట చక్రములు, స్టీరింగు, ఆపైన పెట్రోలు, నీరు, విద్యుత్తు. రంగు అన్నిటికన్న కడపట.

ఇక్కడ 1960 దశకపు అంబాసిడరునే ఉదాహరణగా తీసికొందము. ఇది ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించినది. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు దీనిని 1957 నుండి 2014 వరకు తయారుచేసిరి. ఇంత దీర్ఘకాలము ఒకే రూపమున వెలువడుటచే దీని విడిభాగములు నేటికిని విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల వెదకినచో దొరకును. ఆ విధమున ఇది అదృష్టవంతమైన కారు. ఫియట్, హెరాల్డు కార్లవారికి వెదకులాట మరికొంత ఎక్కువ.

పనిలో దిగుటకు ముందు ఒక చట్టపు సంగతి తెలిసికొనుట అవసరము. 2021లో కేంద్ర మోటారు వాహన నియమములకు చేర్చిన నిబంధనల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడకుండ నున్న వాహనమును ‘వింటేజి’ వాహనముగా ప్రత్యేక సంఖ్యతో నమోదు చేయించుకొనవచ్చును. గౌరవప్రదమే, కాని అట్లు నమోదైన కారును నిత్యము రోడ్డుపై నడుపుట తగదని ఆ నిబంధనలే చెప్పుచున్నవి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకొనుటకు, మరమ్మతులకు మాత్రమే అనుమతి. ప్రతిదినము నడుపగోరువారు ఆ గౌరవమును వదలుకొని, సాధారణ రిజిస్ట్రేషనునే యోగ్యతా పరీక్షతో ఎప్పటికప్పుడు పొడిగించుకొనవలెను. బీమా కూడ ఆ వాడుకకు తగినదై యుండవలెను.

ఇక బ్రేకుల మాట. ఆ కాలపు అంబాసిడరుకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. పెడలు నొక్కగా మాస్టర్ సిలిండరులోని నూనె సన్నని గొట్టముల గుండ పోయి, చక్రముల వద్దనున్న చిన్న సిలిండర్లను త్రోయును. అవి బ్రేకు షూలను డ్రమ్ముకు అదుమును. నాలుగు చక్రములకును నూనె దారి యొక్కటే. నేటి కార్లలో ఈ దారి రెండుగా చీలియుండును గనుక ఒకటి చెడినను రెండవది సగము పని చేయును. పాత కారులో ఎక్కడ ఒక్క రబ్బరు గొట్టము పగిలినను, ఒక్క కప్పు కారినను పెడలు నేలకు తగులును, నాలుగు చక్రములును ఒకేసారి స్వేచ్ఛ పొందును. అప్పుడు మిగులునది చేతిబ్రేకు మాత్రమే. అది తీగతో వెనుక చక్రములను పట్టును గాని నూనెతో సంబంధము లేనిది. అందుచేత చేతిబ్రేకును అలంకారముగా భావింపరాదు. ఏటవాలు మీద కారును నిలుపగలిగినంత గట్టిగా దానిని సరిచేయించవలెను.

ఏండ్ల తరబడి నిలిచిన కారులో బ్రేకు భాగములను శుభ్రపరచి తిరిగి బిగించుట చాలదు. రబ్బరు కప్పులు, రబ్బరు హోసులు అన్నియు క్రొత్తవి వేయవలెను. ఇచట ఒక మోసము కలదు. అంగడిలో సీలు విప్పని పెట్టెలో దొరకిన భాగము క్రొత్తదని మనము సంతోషింతుము. అది 20 ఏండ్ల క్రిందట తయారై పెట్టెలోనే ముసలిదైన రబ్బరు కావచ్చును. లోహపు భాగమునకు అట్టి పాత నిల్వ సరకు మంచిదే. రబ్బరునకు తయారైన కాలమును విచారింపక కొనరాదు. లోహపు గొట్టములకు లోలోపల త్రుప్పు పట్టియుండును. వానిని రుద్ది రంగు వేయుట కన్న మార్చుటయే మేలు. సిలిండరు లోపలి గోడకు గుంటలు పడినచో క్రొత్త కప్పు కూడ కారును. దానిని క్రొత్త గొట్టపుతొడుగుతో సరిచేయించవలెను, లేదా సిలిండరునే మార్చవలెను.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చును. ఇది సామాన్యులకు అంతగా తెలియని సంగతి. ‘డాట్ 4’ అను రకపు క్రొత్త నూనె కనీసము 230 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగకుండ నిలువవలెనని ప్రమాణము. తేమ పీల్చిన పిమ్మట ఆ ప్రమాణము 155 డిగ్రీలకు దిగును. ఘాటు రోడ్డు మీద బ్రేకు వేడెక్కినపుడు ఆ నీరు ఆవిరియై బుడగ కట్టును. ద్రవము నొక్కినచో అణగదు, ఆవిరి అణగును. అందుచే పెడలు మెత్తబడి పనిచేయక పోవును. రెండేండ్లకు ఒకసారి నూనెనంతయు మార్చుట ఇందుకే. బ్రేకు నూనె తక్కువైనదని ఇంజను ఆయిలు పోయువారు కూడ కలరు. అది కప్పులను ఉబ్బించి మొత్తము వ్యవస్థను పాడుచేయును. ఒక్క చెంచా కలిసినను రబ్బరు భాగములన్నిటిని మార్చుట తప్ప గత్యంతరము లేదు.

పని ముగిసిన పిమ్మట ఇంటనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. కారు నిలిచియుండగా పెడలును గట్టిగా నొక్కి నిమిషము సేపు అట్లే యుంచవలెను. అది నెమ్మదిగా క్రిందికి జారినచో ఎక్కడనో కారుట గాని, మాస్టర్ సిలిండరులో కప్పు నిలువకపోవుట గాని జరుగుచున్నది. జారక మెత్తగా నున్నచో గొట్టములలో గాలి చేరియున్నది. పదే పదే త్రొక్కిన పిమ్మట గట్టిపడుచున్నచో షూలు డ్రమ్ముకు దూరముగా నున్నవి. వానిని చేతితో దగ్గరకు సరిచేయవలెను. పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాసు ఉండునని మరువరాదు. డ్రమ్ము విప్పి ఆ ధూళిని గాలి గొట్టముతో ఊదుట మన షెడ్లలో మామూలు. అది ఊపిరితిత్తులకు హాని. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయవలెను. షెడ్డులోని కుర్రవానికి ఈ మాట చెప్పుట యజమాని బాధ్యతయే.

నూనె దారిని రెండుగా చీల్చు మాస్టర్ సిలిండరును అమర్చుట సాధ్యమే. నిత్యము నడుపు కారునకు మేము దానిని సమర్థింతుము, అయితే నేర్పరియైన మెకానిక్ చేతనే. కొందరు ఇందుకు మారుగా పెద్ద ఇంజను వేయించుకొందురు. 1990 దశకపు అంబాసిడరులో వచ్చిన ఇసుజు ఇంజనును పాత కారులో దింపుట ఒక వేడుక యైనది. వేగము రెట్టింపైనచో ఆపవలసిన శక్తి నాలుగు రెట్లగును. పాత డ్రమ్ములతో ఆ ఇంజనును నడుపుట మాకు సాహసముగా కాక అవివేకముగా తోచుచున్నది.

టైర్ల విషయమున కంటికి కనబడు గాడులను నమ్మరాదు. నిలిచియున్న కారు టైరు అరుగదు గాని ముసలిదగును. గోడ మీద చివర నాలుగు అంకెలు ముద్రించియుండును. 2419 అన్నచో 2019వ సంవత్సరమున 24వ వారము. మూడు అంకెలే యున్నచో అది 2000కు ముందటి టైరు. దానికి ఎంత అందమున్నను రోడ్డెక్కుట కూడదు. ఆరేండ్లు దాటినదానిని ఏటేట పరీక్షింపవలెను. పదేండ్లు దాటినదానిని మార్చవలెను. డిక్కీలోని స్టెప్నీకి కూడ ఇదే నియమము. ఈ కారు 15 అంగుళముల చక్రములకు మొదట 5.90 వెడల్పు గల అడ్డపోగు టైర్లు వచ్చెడివి. నేటి రేడియల్ టైర్లు వేయదలచినచో నాలుగింటికిని అవే వేయవలెను. ముందు రేడియల్, వెనుక అడ్డపోగు వేసినచో మలుపులో వెనుక భాగము జారి కారు గిర్రున తిరుగవచ్చును.

స్టీరింగు పరీక్షకు జాకీ చాలును. ముందు చక్రమును పైకెత్తి, భద్రముగా స్టాండుపై నిలిపి, పైన క్రింద పట్టుకొని కదపవలెను. ఆట కనబడినచో బేరింగో కింగ్ పిన్నో అరిగినది. ప్రక్కలకు పట్టుకొని కదపగా ఆట యున్నచో టై రాడ్డు చివరలు అరిగినవి. గ్రీజు నిపుళ్లన్నిటికిని పాత నల్లని గ్రీజు బయటికి వచ్చువరకు క్రొత్తది ఎక్కించవలెను. హెరాల్డు కారువారు మాత్రము ముందు చక్రముల క్రింది కీళ్లకు గ్రీజు కాక గేరు నూనె వాడవలెను. గ్రీజు ఆ మరలలోనికి చేరదు. ఆ కీలు ఎండి విరిగి చక్రము ప్రక్కకు ఒరిగిపోవుట ఆ కారు జాతి దోషము.

అంబాసిడరుకు విడిగా చాసిస్ లేదు. శరీరమే అస్థిపంజరము. అందుచేత నేల రేకునకు, తలుపుల క్రింది అంచునకు, వెనుక కమానులు తగిలించు చోటులకు త్రుప్పు పట్టినచో అది చర్మవ్యాధి గాదు, ఎముకల జబ్బు. విశాఖ, కాకినాడ, బందరు వంటి సముద్రతీరపు ఊళ్ల కార్లను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడవలెను. రేకులో దిగినచో వెల్డింగు చేయించిన పిమ్మటనే తక్కిన ఖర్చు. పుట్టీ పూసి రంగు వేసిన కారులో ఈ రోగము కనబడదు.

ఇప్పుడు ఇంజను దగ్గరకు రావచ్చును. 1489 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజను మొండిది. దానికన్న దానికి పోయు పెట్రోలే నేడు ఎక్కువ ఆలోచింపదగినది. సీసము కలిసిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో మన దేశమున ఆగిపోయినది. ఆ సీసము ఎగ్జాస్టు వాల్వులు కూర్చుండు చోటును కాపాడెడిది. ఇది విని వెంటనే హెడ్డు విప్పించుట అనవసరము. ఊరిలో మెల్లగా తిరుగు కారునకు అరుగుదల నెమ్మదిగా జరుగును. కొన్ని వేల కిలోమీటర్లకు ఒకసారి టాపెట్ల సందు కొలిపించి వ్రాసికొనవలెను. ఆ సందు మాటిమాటికి తగ్గుచున్నదన్న వాల్వు లోపలికి దిగుచున్నదని అర్థము. అప్పుడు గట్టి సీట్లు వేయించవచ్చును.

రెండవ మార్పు ఇంతకన్న క్రొత్తది. 2023 నుండి మన బంకులలో 20 శాతము ఎథనాల్ కలిసిన పెట్రోలు వచ్చి, 2025 నాటికి అదే సర్వసాధారణమైనది. ఎథనాల్ పాతకాలపు రబ్బరును మెత్తబరచి పగుల్చును. పెట్రోలు పంపులోని పొర, కార్బరేటరు వాషర్లు, గొట్టములు దానికి ఓర్వవు. ఇంజను వేడిగా నుండగా పెట్రోలు చుక్క ఎగ్జాస్టు మానిఫోల్డుపై పడుట ఎట్టి పరిణామమునకు దారితీయునో చెప్పనక్కరలేదు. పాత కార్లు తగులబడుటకు కారణము చాలవరకు ఇదియు, పాత వైరింగును. కావున ఎథనాల్‌కు ఓర్చునట్టి గొట్టములు, పంపు పొర వేయించవలెను. గొట్టముపై ‘జె30 ఆర్9’ అని ముద్రించియున్నచో అది తగినది. ఎథనాల్‌కు కాల్చు శక్తి పెట్రోలు కన్న సుమారు మూడవ వంతు తక్కువ. గాలి కూడ తక్కువే చాలును. అందుచే పాత కార్బరేటరు అమరికలో ఇంజను ఆకలిగా నడచి వేడెక్కును. జెట్టును కొంచెము పెద్దది చేయించిన సరిపోవును. ఎథనాల్ నీటిని కూడ పీల్చును. నెలల తరబడి నిలిచిన ట్యాంకులో నీరు అడుగున విడిపోయి త్రుప్పు పుట్టించును. ఈ ఒక్క విషయమున ప్రతిదినము నడుచు కారే ఆరోగ్యవంతమైనది.

మే నెల మధ్యాహ్నము బెజవాడ గాని రామగుండము గాని దాటి పోవు పాత కారు ఉన్నట్లుండి ఆగుటకు మరొక కారణము గలదు. ఇంజను వేడికి పంపు వద్ద పెట్రోలు ఆవిరి కట్టి ప్రవాహము నిలిచిపోవును. పూర్వము టాక్సీ డ్రైవర్లు పంపు మీద తడి గుడ్డ వేసి ఊరడించెడివారు. అది తాత్కాలికోపాయము. పెట్రోలు గొట్టమును ఎగ్జాస్టుకు దూరముగా మరలించి, మధ్య ఒక రేకు అడ్డుపెట్టుట శాశ్వత పరిష్కారము.

రేడియేటరులో బోరు నీరు పోయుట మన ప్రాంతపు పెద్ద దురలవాటు. ఆ ఉప్పు గొట్టములకు పొలుసు కట్టి గుండెపోటువలె అడ్డుపడును. రేడియేటరును విప్పించి లోపల కడిగించి, కూలెంటు కలిపిన శుద్ధజలము పోయవలెను. మూత కూడ ముఖ్యమే. చదరపు అంగుళమునకు ఒక పౌను ఒత్తిడి నిలిపినచో నీరు మరుగు స్థానము సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగును. వదులైన మూతకు ఈ ప్రయోజనము లేదు. వేసవి పేరు చెప్పి థర్మోస్టాటును తీసి పారవేయు మెకానిక్కులున్నారు. ఇంజను తగిన వేడికి రాక ఆయిలు మడ్డి కట్టును. రేడియేటరు దోషము మాత్రము దోషముగనే యుండును.

విద్యుత్తు విషయమున క్లుప్తముగా చెప్పెదము. నూలు అల్లిక తొడుగుల వైర్లు పెళుసుబారి రాలును. రిపేరు చేసిన ముక్కల కన్న మొత్తము వైరింగు క్రొత్తది వేయించుటయే తక్కువ ఖర్చు. పాత కారులో ఫ్యూజులు ఒకటి రెండే యుండును. ఒక్కొక్క దీపమునకు వేరు ఫ్యూజు పెట్టించవలెను. హెడ్‌లైట్లకు రిలే పెట్టించినచో విద్యుత్తు పాత స్విచ్చి గుండ పోక నేరుగా చేరి వెలుగు స్పష్టముగా పెరుగును. బ్యాటరీని విడదీయు స్విచ్చి ఒకటి తప్పనిసరి. రాత్రి దానిని తీసిన తరువాతనే నిద్రపోవుట మంచిది. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో పెక్కింట బ్యాటరీ పాజిటివ్ కొన శరీరమునకు కలిపియుండును. అది గమనింపక నేటి రేడియోనో చార్జరునో తగిలించినచో అవి కాలిపోవును. చేతికందు చోట చిన్న అగ్నిమాపక సిలిండరు ఉండవలెను. అది డిక్కీలో అడుగున నున్న నిరుపయోగము.

మంచి బ్రేకులున్నను ఈ కారు ఢీకొన్నపుడు నేటి కారువలె కాపాడదు. స్టీరింగు కడ్డీ డ్రైవరు రొమ్మునకు ఎదురుగా నిలిచిన ఇనుప శూలము వంటిది. నలిగి కుంచించుకొనునది గాదు. భుజము మీదుగ వచ్చు మూడు బిందువుల సీటు బెల్టు వోల్వో కార్లలో 1959లో వచ్చినది; మన పాత కార్లకు అది లేదు. పెట్టించుకొనవలెను. బోల్టును పలుచని రేకునకు బిగించినచో అది దెబ్బకు ఊడివచ్చును. రేకు వెనుక మందపు ఇనుప పలక వేసి బిగించవలెను. పిల్లలను ముందు సీటులో, అందులోను ఒడిలో కూర్చుండబెట్టుకొనుట ఈ కార్లలో మనకు తరతరాల అలవాటు. దానిని మానవలెను.

పనులన్నియు ముగిసిన నాడే హైదరాబాదునకో తిరుపతికో బయలుదేరుట తగదు. మొదటి నెల ఇంటికి పది కిలోమీటర్లలోపల తిరుగవలెను. ప్రతి సాయంకాలము కారు నిలిచిన చోట నేలమీద ఒక పాత వార్తాపత్రిక పరచినచో తెల్లవారి ఏ చుక్క ఎక్కడ పడినదో అదే చెప్పును. బ్రేకు నూనె చుక్క చక్రము లోపలి ప్రక్కన కనబడినచో ఆ దినము కారు కదలరాదు. మూడు వందల కిలోమీటర్లు పోయిన పిమ్మట చక్రపు నట్లు, గొట్టముల క్లిప్పులు తిరిగి బిగించి, బ్రేకులు సరిచేయించవలెను. డిక్కీలో ఫ్యాను బెల్టు, రేడియేటరు హోసు, డెల్కో పాయింట్లు, కండెన్సరు, బల్బులు, నీళ్ల డబ్బా, ఎర్ర త్రికోణము ఉండవలెను. ఫ్యాను బెల్టు తెగినచో నీటి పంపు, డైనమో రెండును ఆగును. డాష్‌బోర్డుపై ఎర్ర దీపము వెలిగిన క్షణమే ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. ఊరు దగ్గరే గదా యని పోయినచో హెడ్డు వంగును.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోవును. ముందున్న క్రొత్త కారు తన ఏర్పాట్లతో ఠక్కున నిలుచును. మన డ్రమ్ములు అట్లు నిలుపలేవు. కావున దాని వెనుక ఇతరులు ఉంచు దూరమునకు రెట్టింపు ఉంచవలెను. ఆ ఖాళీలో ఆటోరిక్షా దూరినచో కోపగింపక మరల వెనుకకు తగ్గవలెను. శ్రీశైలము, అనంతగిరి ఘాటులలో దిగునపుడు పైకెక్కిన గేరులోనే దిగవలెను. బ్రేకును ఎడతెగక నొక్కియుంచినచో డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూలకు దూరమగును. లైనరు పట్టు కూడ సడలును. కాలిన వాసన వచ్చినచో ప్రక్కకు ఆపి చల్లారనీయవలెను. వేడి డ్రమ్ముపై నీళ్లు చల్లరాదు, బీటలు వారును.

ఇంటిలో ఈ కారు నడుపబోవు వారందరును దాని పద్ధతి నేర్చుకొనవలెను. పెద్దవారికి తెలిసినది కుమారునకు, కోడలికి తెలియకపోవచ్చును. ఆ గేరుపెట్టెలో మొదటి గేరునకు సింక్రోమెష్ లేదు. కారు పూర్తిగా ఆగిన తరువాతనే అది వేయవలెను, లేకున్న పండ్లు విరుగును. చేతిబ్రేకు ఎక్కడనున్నదో, బ్యాటరీ స్విచ్చి ఎటు త్రిప్పవలెనో, బోనెట్టు ఏ మీటతో తెరచుకొనునో వారికి కండ్లు మూసికొని తెలియవలెను. ఖాళీ మైదానమున ఒక ఆదివారము ప్రతివారిచేతను గట్టిగా బ్రేకు వేయించి, ఆ కారు ఎంత దూరమున ఆగునో వారే అడుగులతో కొలిచి చూచుకొనునట్లు చేయించవలెను.